ఊరి నంబరు



మాది రామచంద్రపురం. 1996లో మెయిన్‌రోడ్డు పక్కన ఒక చిన్న గది తీసుకుని ఎస్టీడీ బూత్ పెట్టాను. ఇప్పుడు అదే గదిలో సెల్ షాపు. ఆ రోజుల్లో శుక్రవారం వచ్చిందంటే బూత్ ముందు వేసిన బల్ల నిండిపోయేది. కువైట్‌లో శుక్రవారం సెలవు. అక్కడ అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు ఆ పూట ఫోన్ చేస్తారని తల్లులూ, భర్తలూ, పిల్లలూ పొద్దుటే వచ్చి కూర్చునేవారు. ద్రాక్షారామం నుంచి వచ్చేవారు, కోటిపల్లి వైపు నుంచి బస్సెక్కి వచ్చేవారు. వాళ్ళ ఉత్తరాల మీద పీపీ నంబరుగా ఉండేది మా బూత్ నంబరే. ఫోన్ మోగగానే నేను ఇంటిపేరు పెట్టి కేకేసేవాణ్ణి. రిసీవరు అందుకున్న తల్లి "ఎలా ఉన్నావే అమ్మా" అని ఒక్క ముక్క అనేది. ఆ తర్వాత మాట పెగిలేది కాదు.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంది. అయినా పరాయి దేశం వెళ్ళినవాళ్ళ ఫోన్ పలకకపోతే ఇంటివాళ్ళు పరుగెత్తుకొచ్చేది ఇంకా మా షాపుకే. "బ్యాటరీ నిలవట్లేదంటండి", "నెట్ రావట్లేదంటండి", "ఓటీపీ రావట్లేదంటండి". ఈ మూడు మాటలూ నేను వారానికి నాలుగైదుసార్లయినా వింటాను. ఈ మూడింటి గురించీ ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

2024 జూన్ 12 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో పనివాళ్ళు ఉండే భవనం తగలబడి దాదాపు 50 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది మన దేశంవాళ్ళు. మన రాష్ట్రం వాళ్ళు ముగ్గురు. టీవీలో ఆ వార్త వస్తున్నప్పుడు మా పక్కవీధి కుర్రాడు షాపులోకి వచ్చాడు. వాళ్ళమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. మంగాఫ్‌కీ ఆవిడ ఉండే చోటుకీ సంబంధం లేదు. కానీ ఆ కుర్రాడికి ఆ సంగతి తెలీదు. ఏ ఊళ్ళో ఉంటుందో, యజమాని నంబరేమిటో ఇంట్లో ఎవరూ రాసుకోలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. పొద్దున్నుంచీ అంతే. నా కౌంటరు ముందు నిలబడి చేస్తూనే ఉన్నాడు, చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి వణుకుతోంది. రాత్రి ఎనిమిది దాటాక ఆవిడే చేసింది. ఆవిడకేమీ కాలేదు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, అంతే.

ఆ తర్వాత సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు ఆవిడ ఆ ఫోన్‌ని తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది చూడు తమ్ముడూ, దీనివల్ల మావాడు ఆ రోజు అన్నం ముట్టలేదంట" అంది. బల్ల మీద పెడితే ఫోన్ సమంగా కూర్చోలేదు, ఊగుతోంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత గోరు పట్టేంత లేచింది. లోపల రెండు సిమ్‌లు. ఒకటి కువైట్‌ది. రెండోది ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళినది, ఏనాడో ఆగిపోయింది. ఆ బ్యాటరీ చెడిపోవడానికీ, ఆ సిమ్ ఆగిపోవడానికీ కారణాలున్నాయి. ఒక్కొక్కటే చెబుతాను.

ముందు బ్యాటరీ సంగతి. ఫోన్ అంటే మనకు కనిపించేది తెర. తెర ఆర్పేస్తే ఫోన్ నిద్రపోయిందనుకుంటాం. కానీ లోపల ఉన్న రేడియో నిద్రపోదు. టవర్ దగ్గర ఉంటే మెల్లగా మాట్లాడుతుంది. టవర్ దూరమైతే మనం గోదావరి ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టు మనిషిని పిలిచినట్టు గట్టిగా అరవాల్సి వస్తుంది. అరుపుకి బలం కావాలి, ఆ బలం బ్యాటరీలోంచి పోతుంది. అసలు టవరే దొరకకపోతే ఆగి ఆగి మళ్ళీ వెతుకుతుంది. ఆవిడ ఫోన్‌లో ఉన్న మన సిమ్‌కి కువైట్‌లో రోమింగ్ లేదు. ఏ కంపెనీ టవరూ దాన్ని చేరనివ్వదు. అయినా అది వెతుకుతూనే ఉంటుంది. దానికి తోడు ఆవిడ పడుకునే గది ఇంటికి అడుగున, సిగ్నల్ అందని చోట. రాత్రి నిండా ఛార్జింగ్ చూసుకుని పడుకుంటే పొద్దుటికి సగం ఉండేదట. ఎవరూ వాడకుండానే.

దీనికి చేయాల్సింది చిన్న పనే. పరాయి దేశంలో పనికిరాని సిమ్‌ని సెట్టింగుల్లోకి వెళ్ళి ఆఫ్ చేయవచ్చు. బయటికి తీయనక్కర్లేదు. రోమింగ్ తెరిపించుకుని ఉంటే ఓటీపీ కావాల్సిన రోజున మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. విమానం ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టడం ఇందుకు కూడా మంచిది. హైదరాబాదు నుంచి కువైట్‌కి దాదాపు ఐదు గంటల ప్రయాణం. ఆ మోడ్ పెట్టకపోతే ఫోన్ ఆకాశంలో టవర్ల కోసం వెతికి వెతికి, దిగాక ఏజెంటుకి ఫోన్ చేయాల్సిన వేళకి చల్లబడిపోతుంది. ఫ్లైట్ మోడ్‌లో కూడా వైఫై వేరుగా ఆన్ చేసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలీదు. గదిలో వైఫై ఉండి టవర్ సరిగా లేనివాళ్ళు రాత్రిపూట అలా పెట్టుకుంటే వాట్సాప్ కాల్ వస్తుంది, బ్యాటరీ మిగులుతుంది.

రెండో శత్రువు వేడి. మనకు ఎండంటే రెంటచింతల గుర్తొస్తుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియా ఖండంలో అంతవరకూ నమోదైన వాటిలో అదే ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ధ్రువీకరించింది. ఐఫోన్ చేసే ఆపిల్ వాళ్ళు తమ ఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతారు. మరి ఆ ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోన్ గతేమిటి? లిథియం బ్యాటరీ లోపల ఉండే ద్రవం వేడికి విరిగి వాయువు పుట్టిస్తుంది. ఆ వాయువుకి బయటికి దారి లేదు. అందుకే ఉబ్బుతుంది. నేను అక్కయ్యా అని పిలిచే ఆవిడ ఫోన్ వంటగది కిటికీలో, స్టవ్ పక్కన, ఎండ పడే చోట, పొద్దస్తమానం ఛార్జింగ్‌లోనే ఉండేదట. నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీకి వేడి తగిలితే మరీ తొందరగా పాడవుతుంది. ఆవిడకి ఫోన్ పెట్టుకోవడానికి ఆ ఇంట్లో వేరే చోటు లేదు. ఆ మాట విన్నాక ఆవిణ్ణి ఏమనగలను?

వేడెక్కిన ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం మానేస్తే చెడిపోయిందని భయపడకండి. తనను తాను కాపాడుకుంటోంది. వెనక కవరు తీసి, ఛార్జరు తీసి, నీడలో, ఫ్యాను కింద పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చల్లని చెంబుకి నీరు పట్టినట్టు లోపల తేమ పట్టి సర్క్యూట్ పోతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు. పదిమంది పడుకునే గదిలో అయితే అసలే వద్దు.

అమెరికాలో పిల్లల దగ్గరికి శీతాకాలంలో వెళ్ళే అమ్మానాన్నలకి దీనికి తలకిందులు. చలిలో బయట నిలబడితే 40 శాతం ఉన్న ఫోన్ ఉన్నపళాన ఆరిపోతుంది. చలికి బ్యాటరీ లోపల కదలిక మందగిస్తుంది, అంతే తప్ప శక్తి ఎక్కడికీ పోలేదు. కోటు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకుంటే మళ్ళీ లేస్తుంది. చలి దెబ్బ తాత్కాలికం, వేడి దెబ్బ శాశ్వతం.

ఛార్జరు గురించి రెండు మాటలు. మన ఛార్జరు మీద సన్న అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే అది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. మారేది గోడకున్న సాకెట్టే. కువైట్, దుబాయ్, మస్కట్, దోహా, బహ్రెయిన్‌లలో పలక మూడు పిన్నుల సాకెట్లు. అమెరికాలో బల్లపరుపు పిన్నులు. పిన్ను మార్చే అడాప్టరు ఇక్కడే మంచిది కొనుక్కోండి. వదులుగా ఉన్నది నిప్పురవ్వలు రాలుస్తుంది.

పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే విమానాశ్రయంలో పెట్టె విప్పి తీయిస్తారు, విమానం మిస్సయ్యే ప్రమాదం కూడా ఉంది. విమాన సంస్థ అనుమతి లేకుండా 100 వాట్ అవర్లు దాటకూడదని నియమం. పవర్‌బ్యాంకు మీద ఉండే ఎంఏహెచ్ అంకెని 3.7తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000 ఎంఏహెచ్‌ది 74 అవుతుంది, పరవాలేదు. అంకె చెరిగిపోయినది, పేరూ ఊరూ లేనిది తీసుకెళ్ళకండి. విమానంలో పవర్‌బ్యాంకు వాడటం ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. అందుకని ఎక్కే ముందే ఫోన్ నిండా ఎక్కించుకోండి. ఇంకొక లెక్క. 10,000 ఎంఏహెచ్ అని రాసున్నా ఫోన్‌కి చేరేది 6,000 పైచిలుకే. మిగతాది వోల్టేజీ పెంచడంలోనూ, వేడిగానూ తగ్గిపోతుంది. అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని ఒకసారి నింపి మరి కాస్త ఎక్కిస్తుంది. దుకాణదారు రెండుసార్లని చెబితే నమ్మకండి. దుకాణదారుగా చెబుతున్నాను.

ఇక నెట్. దిగగానే నెట్ రాకపోతే ముందు ఫ్లైట్ మోడ్ పెట్టి, అరనిమిషం ఆగి, తీసేయండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే, డేటా ఏ సిమ్ మీద నడుస్తోందో చూడండి. కొత్త సిమ్ వేసి కూడా డేటాని పాత సిమ్ మీదే వదిలేసేవాళ్ళు ఎందరో. అక్కడి సిమ్‌కి ఏపీఎన్ అనే పేరు ఒకటి ఉంటుంది, అది తనంతట తాను రాకపోతే సిమ్ కొన్న షాపులోనే అడిగి వేయించుకోండి. షాపు గడప దాటకముందే ఇంటికి ఒక కాల్ చేసి చూడండి. ఫోన్‌లో తేదీ, టైము తప్పుగా ఉన్నా వాట్సాప్ తెరుచుకోదు, బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. టైముని చేత్తో మార్చకుండా ఆటోమేటిక్‌లో ఉంచండి.

దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గాని కాల్ కలవదు. అది ఫోన్ చెడటం కాదు. ఇంటర్నెట్ మీద కాల్స్‌కి ఎమిరేట్స్ ప్రభుత్వం అనుమతించిన యాప్‌లే అక్కడ పనిచేస్తాయి. బోటిమ్ అనేది అలాంటిది. ఎవరో స్నేహితుడు వీపీఎన్ వేసి ఇస్తానంటాడు. వేయించుకోకండి. చట్టం ఒప్పని పనికి వీపీఎన్ వాడినట్టు తేలితే అక్కడ 5 లక్షల దిర్హములకు తగ్గని జరిమానా ఉంది. ఒక ఇంటి కష్టమంతా పోతుంది. ఆ యాప్‌ని ఇక్కడే, అమ్మ ఫోన్‌లోనూ, కొడుకు ఫోన్‌లోనూ వేసుకుని వెళ్ళండి.

డేటా రోమింగ్ అంటే మన సిమ్ పరాయి కంపెనీ టవర్ మీద నెట్ వాడుకోవడం. ప్యాక్ లేకుండా అది ఆన్‌లో ఉంటే మీరు నిద్రపోతున్నా ఫోటోలు ఎక్కుతుంటాయి, యాప్‌లు అప్‌డేట్ అవుతుంటాయి, గ్రూపుల్లో వచ్చిన వీడియోలన్నీ దిగుతుంటాయి, బిల్లు పెరుగుతుంది. రామచంద్రపురంలో ఉండగానే దాన్ని ఆఫ్ చేసుకోండి. కొన్ని ఫోన్లలో ఒక సిమ్‌కి నెట్ తగ్గితే తనంతట తానే రెండో సిమ్‌కి మారే సౌకర్యం ఉంటుంది. ఊళ్ళో అది మంచిదే, విదేశంలో అది ప్రమాదం. దాన్నీ ఆపండి. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఒక మీట ఉంది, కాల్స్‌కి తక్కువ డేటా వాడే మీట ఒకటుంది. ఆ రెండూ పెట్టుకుంటే వారం వచ్చే ప్యాక్ ఇంకొన్ని రోజులు వస్తుంది.

అమెరికా వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో త్రీజీ టవర్లు మూసేశాయి. ఇప్పుడు కాల్ మాట్లాడాలంటే ఫోర్‌జీ మీదే కాల్ నడిపే వోల్టీ ఉండాలి, అది కూడా ఆ కంపెనీ ఒప్పుకున్న ఫోన్‌లో ఉండాలి. అందుకే ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన ఫోన్‌లో నెట్ బాగానే వస్తుంది, మామూలు కాల్ మాత్రం వెళ్ళదు. అదే తీరున, కూతురు అక్కణ్ణుంచి ముచ్చటపడి తెచ్చిన ఐఫోన్‌కి, 14 నుంచి మొదలుకొని, సిమ్ పెట్టే సందే ఉండదు. మన నంబరుని ముందే ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి.

మన నంబరన్నాను కదా, ఇవన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

మా అక్కయ్య వెళ్ళేటప్పుడు ఏజెంటు చెప్పాడట, "అక్కడ కొత్త సిమ్ ఇస్తారు, పాతదానికి డబ్బులు దండగ" అని. ఆవిడ రీఛార్జ్ చేయించడం మానేసింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఏమిటంటే, 90 రోజులపాటు ప్రీపెయిడ్ నంబరు మీద ఒక కాల్‌గాని, మెసేజ్‌గాని, నెట్‌గాని లేకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు నిల్వ ఉంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. ప్లాన్ గడువు తీరాక ఇన్‌కమింగ్ ఇంకా ముందే ఆగిపోవచ్చు. ఆవిడ నంబరు ఆగింది. కొన్నాళ్ళకి అదే నంబరు ఇంకెవరికో వెళ్ళిపోయింది.

ఆ నంబరు ఎక్కడెక్కడ ఉందో చూడండి. బ్యాంకు ఖాతాకి ఉంది, ఆధార్‌కి ఉంది, గ్యాస్ బుక్‌లో ఉంది, కొడుకు కాలేజీ ఫీజు రికార్డులో ఉంది, వాట్సాప్‌కి ఉంది. ఇప్పుడు ఆవిడ ఖాతాలోంచి రూపాయి కదపాలంటే ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కి వెళ్తుంది. రెండేళ్ళ జీతంలో మిగిల్చిన డబ్బు ఖాతాలో ఉంది, ఫీజుకి కొడుకు వడ్డీకి తెచ్చాడు. సెలవు మీద వచ్చిన 40 రోజుల్లో ఎన్ని పూటలు బ్యాంకు ముందు, ఆధార్ కేంద్రం ముందు నిలబడిందో నేను చూశాను. కొడుకు పక్కన కూర్చుని గడపాల్సిన రోజులవి.

అందుకే చెబుతున్నాను. ఎంత దండగనిపించినా ఊరి నంబరుని చావనివ్వకండి. ఇంట్లో ఒకరు ఆ రీఛార్జ్ తేదీని క్యాలెండరు మీద గుర్తుపెట్టుకుని వేయిస్తూ ఉండాలి. వెళ్ళేముందే కంపెనీవాళ్ళని, "ఆ దేశంలో మెసేజ్‌లు వస్తాయా, దానికి రోమింగ్ ఏ ప్యాక్‌తో తెరవాలి" అని అడిగి తెరిపించుకోవాలి. ఒకసారి అక్కడికి వెళ్ళిపోయాక తెరిపించాలంటే దానికీ ఓటీపీ అడిగే ప్రమాదం ఉంది. 2023 జనవరిలో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ వాళ్ళు 10 దేశాల ఫోన్ నంబర్లతో ప్రవాసుల ఖాతాలకి యూపీఐ వాడుకోనిచ్చారు. ఒమన్, ఖతార్, సౌదీ, ఎమిరేట్స్ అందులో ఉన్నాయి. మనవాళ్ళు ఇంతమంది ఉన్న కువైట్ ఆ జాబితాలో లేదు. కువైట్ వెళ్ళే మనిషికి ఊరి నంబరే దిక్కు. ఇంకా, వాట్సాప్‌లాంటి యాప్‌లు ఏ నంబరుతో నడుస్తున్నాయో ఆ సిమ్ ఫోన్‌లోనే ఉండేలా చూడాలని కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబరులో ఆ కంపెనీలని ఆదేశించింది. సిమ్ ఇంట్లో బీరువాలో దాచి వెళ్ళడం ఇకమీదట మంచిది కాదు.

పరాయి దేశంలో ఫోనంటే కాలక్షేపం కాదండీ. కువైట్ ప్రభుత్వం 2021లో సహెల్ అని ఒక యాప్ తెచ్చింది. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, దాని గడువుతో సహా ఎన్నో కాగితాల సంగతి అందులో చూసుకోవచ్చు. అంటే ఫోన్ ఆరిపోతే అక్కడున్న అమ్మ కాగితం కూడా ఆరిపోయినట్టే. అలాంటి ఫోన్‌కి పిన్ను కొడుక్కే తెలిసి, ఆవిడకి తెలీకపోతే ఎలా? మా షాపుకి వచ్చేవాళ్ళలో కొడుకో అల్లుడో ఫోన్ సిద్ధం చేయించి, అమ్మని బయట ఆటోలో కూర్చోబెట్టేవాళ్ళు ఎక్కువ. నేనిప్పుడు ఒప్పుకోవడం లేదు. అమ్మని లోపలికి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టి ఫోన్ ఆవిడ చేతికే ఇస్తాను.

మా అక్కయ్య తిరిగి వెళ్ళే ముందు రోజు సాయంత్రం అలాగే చేశాం. కొత్త బ్యాటరీ వేశాను. ఊరి నంబరు కొత్తది తీసుకుని బ్యాంకులో మార్పించుకుంది, రోమింగ్ తెరిపించింది. డేటా రోమింగ్ ఎక్కడ ఆపాలో మూడుసార్లు చూపించాను. నాలుగోసారి ఆవిడే వెతుక్కుంటూ వెళ్ళి ఆపింది. ఫోన్ మొత్తం ఆర్పించి మళ్ళీ వేయించాను, పిన్ను తనే కొట్టింది. తర్వాత కొడుకు ఒక తెల్లకాగితం ముక్క తీసుకుని ఇంటి నంబరు, నా షాపు నంబరు, ఆవిడ యజమాని నంబరు, కువైట్‌లో మన రాయబార కార్యాలయం నంబరు పెద్ద అంకెల్లో రాశాడు. అదే కాగితం ఇంకొకటి రాసి ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టుకుంటానన్నాడు. ఫోన్ ఆరిపోయినా కాగితం ఆరిపోదు కదా. ఆవిడ ఆ ముక్కని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో పర్సులో దాచుకుంది.

మర్నాడు రాత్రి పదిన్నరకి షాపు కట్టేస్తుంటే నా ఫోన్ మోగింది. కువైట్ కోడ్, 965. "తమ్ముడూ, దిగాను. ఇక్కడ ఎనిమిదే అయిందే!" అంది. మీ కుర్రాడితో మాట్లాడావా అంటే, "వాడికే ముందు చేశాను" అంది.